బొగ్గు మాది, కార్బన్ మీదా?

ఫిబ్రవరి 28 వస్తే మా బడిలో గోడలకు చార్టులు అంటిస్తాం. సైన్సు దినం. 1928లో రామన్ ఫలితం బయటపడిన రోజు. ఆ చార్టుల్లో గడ్డాలుంటాయి, కోట్లుంటాయి, తలపాగాలుంటాయి. ఆడమనిషి మొహం ఒకటుంటే అది మేరీ క్యూరీదే. ఒక ఏడాది నేను ఇంకొక ఆడమనిషి బొమ్మ అతికించినాను. నెరిసిన జుట్టు ముసలామె. పేరు మిల్‌డ్రెడ్ డ్రెసల్‌హౌస్. కింద పెద్దక్షరాలతో 'కార్బన్ రాణి' అని రాసినాను. ఆ పేరు నేను పెట్టింది కాదు. సైన్సు లోకం ఆమెకు పెట్టుకున్న పేరే.

మా స్టాఫులో ఒక పెద్దమనిషి ఆ బొమ్మ ముందర నిలబడి పిల్లలకు ఉపన్యాసమిచ్చినాడు. "చూడండి, బీద ఇంట్లో పుట్టింది. కష్టపడింది. పైకొచ్చింది. ప్రతిభ ఉంటే చాలు. ప్రతిభకు కులం లేదు. రిజర్వేషను అంతకన్నా అక్కర్లేదు." చివరి మాట అనేటప్పుడు ఆయన చూపు పిల్లల మీద లేదు. నా మీద ఉంది.

ఆయన పోయినాక తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి నా దగ్గరికి వచ్చింది. వాళ్ళమ్మా నాయనా బెంగళూరులో బిల్డింగు పనికి పోయినారు. పిల్ల అవ్వ దగ్గర ఉంటుంది. చార్టు చూసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగింది. "టీచర్, ఇట్లాంటి పనిలో మనోళ్ళు ఎవురన్నా ఉండారా?"

'మనోళ్ళు' అనేటప్పుడు గొంతు తగ్గించాలని ఆ పిల్లకు ఎవరూ నేర్పలేదు. నాకూ ఎవరూ నేర్పలేదు.

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయినాను. ఈ నాలుగు మాటలు ఆ పిల్లకు నేను బాకీపడిన జవాబు. ఆ పెద్దమనిషికి కూడా.

మాది చౌడేపల్లె మండలం. బోర్డు మీద అరుంధతివాడ, ఊరి నోట్లో మాదిగపల్లె. బోయకొండ గంగమ్మకు మొక్కులున్న జనం బస్సుల్లో, జీపుల్లో మా వాడ పక్కనించే పోతారు. వాళ్ళకు మేం కిటికీలో కనబడి పోయే గుడిసెలం.

మా జేజినాయనకు లంద ఉండేది. పచ్చితోలును సున్నపు నీళ్ళలో నానేసి బొచ్చు ఊడగొట్టేవాడు. తంగేడు చెక్క దంచి, ఆ రసంలో తోలును రోజుల తరబడి ఊరబెట్టేవాడు. రెండు దినాల్లో కుళ్ళిపోవాల్సిన తోలు ఏండ్లకు ఏండ్లు నిలబడేది. ఊరి కపిలబానలకు, ఊరోళ్ళ కాళ్ళకు అదే తోలు. తంగేడు చెక్కలో ఉండే టానిన్ తోలులోని ప్రోటీన్‌ను పట్టి బిగిస్తుందని నేను డిగ్రీలో చదువుకున్నాను. పుస్తకంలో దాని పేరు కెమిస్ట్రీ. మా జేజినాయన చేతిలో దాని పేరు అంటు.

మా నాయన కాలానికి లంద పోయింది. ఆయన కంపచెట్లు కొట్టి బొగ్గులు కాల్చినాడు. కట్టెలు కుప్పగా పేర్చి, మీద ఆకూ అలమూ కప్పి, దాని మీద తడిమన్ను మెత్తి, అడుగున చిన్న చిన్న బొక్కలు విడిచి నిప్పు పెట్టేవాడు. గాలి ఎక్కువ పోతే అంతా బూడిద. గాలి అసలే పోకపోతే పచ్చికట్టె. రాత్రంతా బట్టీ చుట్టూ తిరిగేవాడు. మొదట తెల్లగా ఆవిరి పొగ, తర్వాత పచ్చపొగ, చివరికి పలచని నీలిపొగ. నీలిపొగ వచ్చిందంటే బొక్కలన్నీ మూసెయ్యాల. ఒక ఘడియ అటూ ఇటూ అయితే నాలుగు దినాల కష్టం బూడిద. ఆయన దగ్గర ధర్మామీటరు లేదు, గడియారం లేదు. పొగ రంగే ఆయనకు లెక్క.

ఆ బొగ్గు నాకు బడిలో కూడా తప్పలేదు. శనివారం బోర్డుకు నలుపు పూసే పని మా వాడ పిల్లలది. బొగ్గు నూరి, ఆకు పసరు కలిపి, గుడ్డతో రుద్దేవాళ్ళం. సోమవారం ఆ నలుపు మీద తెల్లక్షరాలు రాసేది ఇంకొకరి పిల్లలు. క్లాసు లీడర్లు వాళ్ళు. మా చేతులకు నలుపు, వాళ్ళ చేతులకు సుద్దముక్క. ఇది పోలిక కోసం చెప్పడం లేదు. ఐదో తరగతి దాకా నా శనివారాలు ఇవే.

ఇప్పుడు నేను పదో తరగతికి కార్బన్ పాఠం చెప్తాను. వజ్రం, గ్రాఫైటు, అరవై పరమాణువుల బంతి. బొగ్గూ, పెన్సిలు ముక్కా, వజ్రమూ అన్నీ ఒకే మూలకం. పేర్చిన తీరులోనే తేడా. అరవై పరమాణువుల బంతిని 1985లో గుర్తుపట్టినారు. 1990లో దాన్ని చేతికందేటంత తీసింది యాడినించో తెలుసా? మసిలోనుంచి. గ్రాఫైటు కాల్చిన మసి. 1996లో దానికి నోబెల్ వచ్చింది. 1991లో జపాను దేశంలో ఇజిమా అనే ఆయన కార్బన్ నానో గొట్టాలను లోకానికి చూపించినాడు. మీటరును నూరు కోట్ల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. ఆ కొలతలో ఉండే గొట్టాలవి. 2004లో ఇంగ్లండులో ఇద్దరు టేపు ముక్కతో గ్రాఫైటు పొరను పీకి పీకి ఒక్క పరమాణువు మందం దాకా తెచ్చినారు. దాని పేరు గ్రాఫీన్. 2010లో వాళ్ళకూ నోబెల్. మా పిల్లల చేత పెన్సిలు గీత మీద టేపు అంటించి పీకించినాను. "ఇంతేనా టీచర్?" అని నవ్వినారు. ఇంతే కాదు. కానీ మొదలు ఇంతే.

ఆ పిల్ల అప్పుడొక మాట అడిగింది. "టీచర్, మా తాత బట్టీ కాడ పీల్చిన మసి కూడా ఇదేనా?" అదే. మా నాయన పీల్చిందీ అదే. వాళ్ళ ఊపిరితిత్తుల్లో దిగిన దానికి పరిశోధన అని పేరు రాలేదు. దగ్గు అని పేరొచ్చింది.

ఇప్పుడు ప్రతిభ సంగతికొద్దాం.

నేను బీఎస్సీ చదివేటప్పుడు ఒక కాలేజీ ల్యాబులో బ్యూరెట్ పగిలింది. పగలగొట్టింది నేను కాదు. నా పక్కన నిలబడిన అమ్మాయి. ఆ అమ్మాయి మంచిది, "నా చెయ్యే తగిలింది సార్" అని చెప్పింది కూడా. ఆయన వినలేదు. "మీ వాళ్ళకు గాజు సామాను పట్టుకోవడం ఏం తెలుసు" అని నాతో అన్నాడు. బ్రేకేజి నా పేరుమీద రాసినాడు. ఆ డబ్బు మా అమ్మకు టమోటా తోటలో రెండు దినాల కూలి. ఆ తర్వాత మూడు నెలలు నేను బ్యూరెట్ ముట్టుకోలేదు. పక్కనోళ్ళ రీడింగులు చూసి రాసుకున్నాను. రికార్డులో అన్నీ సరిగ్గా ఉన్నాయి. నా చేతికి మాత్రం పని రాలేదు. ఇట్లా చెయ్యి రాకుండా చేసి, చెయ్యి రాలేదని చెప్పి, దానికి 'ప్రతిభ లేదు' అని పేరు పెడతారు.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటొచ్చింది. చేరలేదు. నాయన మంచం పట్టినాడు. బి.ఇడి. చేస్తే డీఎస్సీ రాయొచ్చు, నెల జీతం వస్తుంది. పరిశోధన అంటే ముందు తెలివి కాదు. ముప్పై ఏండ్లు దగ్గరపడేదాకా ఇంటికి పైసా పంపకుండా బతకగలగడం. ఆ వెసులుబాటు తరతరాలుగా ఎవరి ఇండ్లల్లో పేరుకుపోయిందో చెప్పండి, ప్రతిభ ఎవరి ఇండ్లల్లో పుడుతుందో నేను చెప్తాను.

ఆ పెద్దమనిషి చెప్పిన కార్బన్ రాణి కథను నేనూ చదివినాను. ఆయన చదవని పేజీలు కూడా చదివినాను. ఆమె ఫిజిక్సు మనిషి. కార్బన్ దగ్గర ఫిజిక్సుకూ కెమిస్ట్రీకీ గోడ లేదు గాబట్టి ఆమె నాకూ గురువే.

1930లో పుట్టింది. పోలెండు నుంచి అమెరికాకు వలసపోయిన యూదుల బిడ్డ. న్యూయార్కు బ్రాంక్స్‌లో బీదల బస్తీలో పెరిగింది. ఇంతవరకు పెద్దమనిషి చెప్పింది నిజం. ఆ తర్వాత? ఆమె చదివింది హంటర్ కాలేజీ. ప్రజల సొమ్ముతో నడిచే కాలేజీ, ఆ ఊరి ఆడపిల్లలకు ఫీజు లేని కాలేజీ. అక్కడ రోజలిన్ యాలో అనే టీచరు దొరికింది. బడిపంతులమ్మ అయితే చాలనుకున్న పిల్లను "నువ్వు పరిశోధనకు పో" అని తరిమింది ఆ టీచరు. 1977లో ఆమెకే నోబెల్ వచ్చింది. తర్వాత ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద కేంబ్రిడ్జి. 1958లో షికాగోలో పిహెచ్.డి. గైడు మాత్రం సైన్సులో ఆడవాళ్ళకు చోటు లేదనే మనిషి. పెండ్లయినాక భర్త పనిచేసే యూనివర్శిటీలో భార్యకు ఉద్యోగం ఇవ్వకూడదన్నారు. 1960లో లింకన్ లేబరేటరీలో చేరింది. నలుగురు పిల్లల తల్లి, పొద్దున ఎనిమిదింటికి రాలేకపోతే మాటలు పడింది.

కార్బన్‌ను ఎందుకు పట్టుకుందో ఆమే చెప్పుకుంది. అప్పట్లో గ్రాఫైటు కష్టం, దాని మీద పనిచేసేవాళ్ళు లోకంలో కొద్దిమందే. పిల్లోడికి జ్వరమొచ్చి వారం ఇంట్లో ఉన్నా ఎవరూ దాటిపోరు. నాకు ఈ మాట చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. ఎవరికీ అక్కర్లేని చెలక ఇస్తే దాన్నే దున్నుకున్న మా అవ్వలు గుర్తొచ్చినారు. ఆమె ఆ చెలకలో ముప్పై ఏండ్లు దున్నినాక లోకం నానో గొట్టాల వెంట పరిగెత్తింది. 1992లో ఆమే, ఆమె తోటివాళ్ళూ లెక్కగట్టి ఒక సంగతి చెప్పినారు. గ్రాఫైటు పొరను ఈతచాప మాదిరి చుడితే గొట్టమవుతుంది. నేరుగా చుట్టినావా, ఏటవాలుగా చుట్టినావా, ఆ తీరును బట్టి అది లోహం మాదిరి కరెంటు పోనిస్తుంది, లేదా అర్ధవాహకమవుతుంది. అదే కార్బన్, చుట్టుడులో తేడా. తర్వాత అది ప్రయోగాల్లో రుజువయింది. ఏ గొట్టం ఎట్లా చుట్టుకుందో తెలుసుకోవడానికి ఆమె ఎక్కువగా వాడింది మన రామన్ పేరుతో ఉన్న పద్ధతే. 2012లో కావ్లీ బహుమతి, 2014లో ఆ దేశపు అతిపెద్ద పౌర పురస్కారం. 2017లో చనిపోయింది.

ఇక పెద్దమనిషి చదవని అసలు పేజీ. ఎం.ఐ.టి. అనే అంత పెద్ద సంస్థలోకి ఆమె ఎట్లా అడుగుపెట్టింది? 1967లో. రాక్‌ఫెలర్ కుటుంబం తమ ఇంటి ఆడబిడ్డ పేరుమీద అక్కడొక ప్రొఫెసరు పీఠం పెట్టింది. ఆడవాళ్ళ విద్వత్తుకు ఊతంగా పెట్టిన పీఠం. ఆ పీఠం మీద ఆమెను ఒక ఏడాదికి పిలిచినారు. మరుసటేడు 1968లో శాశ్వత ప్రొఫెసరును చేసినారు. 1985లో ఆ సంస్థలో అన్నిటికన్నా పెద్ద హోదా ఇచ్చినారు. ఆ హోదా అందుకున్న మొదటి ఆడమనిషి ఆమే.

ఆడవాళ్ళ కోసం కేటాయించిన కుర్చీని మీ భాషలో ఏమంటారయ్యా? మా భాషలో రిజర్వేషను అంటారు. ఆ కుర్చీ వల్ల ఎం.ఐ.టి. చెడిపోయిందా? కార్బన్ సైన్సు నాసిరకమయిందా? ప్రతిభ తనంతట తాను నడిచి రాదు. దానికి ఫీజు లేని కాలేజీ కావాల, స్కాలర్‌షిప్ కావాల, వీపు తట్టే టీచరు కావాల, కూర్చోడానికి కేటాయించిన కుర్చీ కావాల. పసిపిల్లల్ని చూసుకోను ఇంట్లో మనిషి కావాల. ఆ చివరి మాట మీద మాకు ఇంకో లెక్క ఉంది. పెద్దచదువుల ఆడవాళ్ళ ఇండ్లల్లో పిల్లల్ని ఎత్తుకునే ఆడమనిషి ఎవురు? బెంగళూరు అపార్టుమెంట్లలో చీపురూ పసిబిడ్డా మోసేది మా అక్కాచెల్లెండ్లు. మా పిల్లల్ని చూసేది ముసలి అవ్వలు. ఒకరి పరిశోధన కింద ఇంకొకరి బతుకు పునాదిరాయిగా పడి ఉంది. మహిళా సాధికారత అని మైకుల్లో చెప్పేవాళ్ళు ఆ రాయి పేరు చెప్పరు.

ఇప్పుడు మన దేశానికి రాండి. 1944లో హైదరాబాదులో ఒక ప్రయోగశాల పెట్టినారు. ఈనాటి ఐ.ఐ.సి.టి. అదే. ఇంచుమించు మన తెలుగు కెమిస్ట్రీకి పుట్టిల్లు. దానికి మొదటి ఆడ డైరెక్టరు మన్నేపల్లి లక్ష్మీకాంతం. ఉత్ప్రేరకాల మీద, వాటికి వాడే నానో పదార్థాల మీద పనిచేసిన మనిషి. ఆమె డైరెక్టరయింది 2013లో. అరవై తొమ్మిదేండ్లు. ఆమె మీద నాకు గౌరవమే. నేను అడిగేది ఆమెను కాదు. ఒక ఆడమనిషికి అరవై తొమ్మిదేండ్లు పడితే, దళిత ఆడమనిషికి ఎన్నేండ్లు పెడతారు? ఇంకో సంగతి. దళిత పిల్లల కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్ మొదలయింది కూడా 1944లోనే. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్లో ఉన్న రోజులవి. ల్యాబూ మా స్కాలర్‌షిప్పూ ఒకే ఏడు పుట్టినాయి. రెండూ ఇంకా ఎదురుపడలేదు.

హైదరాబాదు మాకు దూరం. బెంగళూరు దగ్గర, ఒక పూట ప్రయాణం. మా టమోటా బెంగళూరు పోతుంది, మా మనుషులు బెంగళూరు పోతారు. ఆ ఊళ్ళో జక్కూరు దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ పేరుమీద ఉన్నత శాస్త్ర పరిశోధనా కేంద్రం ఉంది. 1989లో పెట్టినారు. భారతరత్న సి.ఎన్.ఆర్. రావు కట్టి నిలబెట్టిన సంస్థ. మన దేశంలో నానో గొట్టాల పని, గ్రాఫీన్ పని అంటే ముందుగా చెప్పుకునే చోట్లలో అదొకటి.

2019లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. కేంద్ర విద్యాసంస్థల్లో టీచరు ఉద్యోగాలకు రిజర్వేషను ఇచ్చే చట్టం. బాగుంది. అదే చట్టం నాలుగో సెక్షనులో ఒక మినహాయింపు పెట్టింది. శ్రేష్ఠమైన సంస్థలు, పరిశోధనా సంస్థలు, జాతికి ముఖ్యమైన సంస్థలు అని చెప్పి, ఎనిమిది పేర్లు పట్టికలో రాసి, వీటికి ఈ రిజర్వేషను వర్తించదంది. ఆ ఎనిమిదింటిలో ఈ బెంగళూరు కేంద్రం ఒకటి. పిల్లల సీట్ల సంగతి కాదు నేను చెప్పేది. ల్యాబు నడిపే, విద్యార్థిని ఎంచుకునే, ఏ పరిశోధన చెయ్యాలో తేల్చే కుర్చీల సంగతి.

చూడండి ఈ చిత్రం. లోకానికి కార్బన్ రాణిని ఇచ్చింది కేటాయించిన కుర్చీ. మన కార్బన్ కేంద్రంలో కేటాయించిన కుర్చీ ఉండకూడదని చట్టమే రాసుకున్నారు. శ్రేష్ఠం అనే మాట పక్కన మా పేరు రాస్తే ఆ మాట మైలపడుతుందా? బోర్డుకు నలుపు మేం పుయ్యొచ్చు, దాని మీద రాయకూడదు. గోడకు సిమెంటు మేం మొయ్యొచ్చు, గోడ లోపల కూర్చోకూడదు. నా శనివారాలు అయిపోయినాయనుకున్నాను. అయిపోలేదు, చట్టంలోకి ఎక్కినాయి.

ఎట్లాగో లోపలికి పోయినవాళ్ళ గతి కూడా చూసినాం. 2008లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్శిటీలో సెంథిల్ కుమార్. ఫిజిక్సు పరిశోధనకు సేలం నుంచి వచ్చిన, పందులు మేపుకునే కులంలో పుట్టిన పిల్లోడు. 2016 జనవరి 17న అదే యూనివర్శిటీలో రోహిత్ వేముల. సైన్సు అంటే, నక్షత్రాలంటే ప్రాణం పెట్టినవాడు. మన పిల్లలు నక్షత్రాల దాకా చూస్తారు. హాస్టలు గది దాటి పోనియ్యరు.

ఇక మన ఇంటి మాట. ఇది కూడా చెప్పకపోతే నేను సగం నిజమే చెప్పినట్టు. మన సభల్లో కవిత్వముంది, చరిత్రుంది, రాజకీయముంది. ఉండాల్సిందే. కానీ ల్యాబు గురించి మాట్లాడే అన్నను నేను చూడలేదు. కెమిస్ట్రీని వాళ్ళకు వదిలేసినామా? నేను ఒక మీటింగులో స్కూలు ల్యాబుల గురించి ఎత్తితే "అది చిన్న విషయం సిస్టర్, పెద్ద సమస్యలు చాలా ఉన్నాయి" అన్నారు. ఇంకోపక్క మన ఇండ్లల్లో ఆడపిల్ల పదో తరగతి దాటితే పెండ్లి, లేదా నర్సు ట్రైనింగు. నర్సు పని తక్కువదని అనడం లేదు. ఎప్పుడూ ఒకరికి సేవ చేసే చదువే మన పిల్లకు ఎందుకు ఖాయమవుతుందని అడుగుతా ఉన్నాను.

మా బడి ల్యాబు అంటే స్టోరు రూములో ఒక ఇనుపబీరువా. గాజు సామాను పగిలితే లెక్క చెప్పాలని తాళం తీసేవాళ్ళు కారు. ఇన్‌స్పెక్షనుకు తెరిచి, తుడిచి, మళ్ళీ మూసేవాళ్ళు. పోట్లాడి తాళంచెవి తీసుకున్నాను. పగిలితే నా జీతంలో పట్టుకోండని రాసిచ్చినాను. మొదటి నెల రెండు బీకర్లు, ఒక బ్యూరెట్ పగిలినాయి. బ్యూరెట్ పగలగొట్టింది ఆ పిల్లే. నిలువునా వణికిపోయింది. గాజు పెంకులు ఊడ్చి, ఇంకో బ్యూరెట్ చేతికిచ్చినాను. ఆ సాయంత్రం మూడోసారికి టైట్రేషను సరిగ్గా చేసింది. ఒక్క చుక్క దగ్గర లేతగులాబీ రంగు వచ్చి నిలబడింది. ఆ చుక్క దగ్గర ఆపడం రావాలంటే పొగ రంగు చూసి బట్టీ మూసే మనిషి కన్ను కావాల. ఆ కన్ను ఆ పిల్లకు ఇంటినుంచే వచ్చింది.

ఇప్పుడు ఆ పిల్ల పదో తరగతి. ఇంటరుకు ఎంపీసీ తీసుకుంటానంటా ఉంది. అవ్వ ఒప్పుకోలేదు. అమ్మా నాయనా సంక్రాంతికి వస్తే మాట్లాడాల. ఏమవుతుందో నాకు తెలియదు. మనోళ్ళు ఎవురన్నా ఉండారా అని అడిగిన పిల్లకు నా జవాబు ఇది. ఎక్కడన్నా ఉంటారు తల్లీ, వాళ్ళ పేర్లు మన దాకా రానియ్యలేదు. మన తాతలకు ఆ పని తెలుసు. వాళ్ళను ల్యాబులోకి రానియ్యలేదు. నీకు తెలివి లేక కాదు ఆ కుర్చీ ఖాళీగా లేనిది. నీకు ఇవ్వకూడదని కాగితం రాసుకున్నారు. ఆ కాగితం మార్చాల. అది ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు.

ఇది చదివే విద్యార్థులకు ఒక మాట. మీలో కెమిస్ట్రీ, ఫిజిక్సు చదివేవాళ్ళు ఉంటే మీ ఊరి బడికి పోండి. బీరువా తాళం తీయించండి. ఉద్యమంలో ఉన్న అన్నలకు, అక్కలకు ఇంకో మాట. ఆ నాలుగో సెక్షను కొట్టెయ్యాలని మన డిమాండ్లలో రాయండి. బొగ్గు కాల్చిన చేతులకు కార్బన్ మీద హక్కుంది. అది దయగా ఇచ్చేది కాదు, మాకు రావాల్సిన బాకీ.